రజాయిలో పెరుగు

ఢిల్లీలో చలికాలం వచ్చేసిందని వాతావరణ శాఖ కంటే ముందు మా కొబ్బరినూనె సీసా చెబుతుంది. 24 డిగ్రీల కిందకి దిగితే అది గడ్డకట్టడం మొదలెడుతుంది. ఇక ఫిబ్రవరి దాకా స్పూను పెట్టి తవ్వుకోవడమే!

దాంతో పేచీ లేదు. అసలు తంటా పెరుగుతో. జనవరి రాత్రుళ్లు 7 డిగ్రీలకి అటూ ఇటూ. తోడేసిన పాలు తెల్లారినా పాలలాగే ఉంటాయి. 'దహీ బజార్లో దొరుకుతుంది కదా బేటీ' అంటుంది పక్కింటి పంజాబీ ఆంటీ. దొరుకుతుంది. కానీ కొన్న పెరుగుతో మజ్జిగన్నం తింటే మనకి తిన్నట్టుంటుందా చెప్పండి!

తెనాలి నుంచి అమ్మ ఫోన్లో ఉపాయం చెప్పింది. 'పాలు కాస్త వేడిమీదే తోడెయ్యి. తోడు రెండింతలు వెయ్యి. గిన్నెకి దుప్పటి చుట్టు.' అప్పట్నుంచీ మా ఇంట్లో ఒక దూది రజాయి పెరుగుది. తన రజాయి కంటే అదే మెత్తగా ఉందని మావారి ఫిర్యాదు.

రోజూ పొద్దున్నే అమ్మ ఫోను. 'తోడుకుందా?' అన్నదే మొదటి మాట. నాన్న పోయాక ఆ ఇంట్లో తనొక్కతే. చిన్న గిన్నెడు తోడేస్తే రెండ్రోజులొస్తోందట. ఇక్కడికి రమ్మంటే, 'మీ చలికి నేనూ గడ్డకడతానే' అని నవ్వేస్తుంది. పోనీ సంక్రాంతికి మేమొస్తామంటే, పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం, పిల్లాడితో బయల్దేరొద్దంటుంది.

ఈమధ్య పెరుగు చెంచా గుచ్చితే నిలబడేంత గట్టిగా తోడుకుంటోంది. అమ్మ అడిగితే మాత్రం, 'ఏంటోనమ్మా, ఇవాళా పల్చగానే ఉంది' అంటున్నా.

పాలు ఎంత వేడుండాలో అమ్మ మళ్లీ మొదట్నుంచీ చెబుతోంది.