యాభై కిలోమీటర్ల దేశంలో టూరింగ్ బండి

బహ్రెయిన్ ప్రధాన ద్వీపం ఈ కొస నుంచి ఆ కొసకు 50 కిలోమీటర్లు ఉంటుందేమో. తెల్లవారుజామున మా పేట నయీమ్‌లో బండి తీస్తే సఖీర్ రేస్ సర్క్యూట్ మీదుగా, 1932లో చమురు పడ్డ మొదటి బావి దగ్గర ఆగి ఫొటో దిగి, ఎడారిలో ఒంటరిగా నిలబడ్డ ఓ పాత చెట్టును పలకరించి, టిఫిను వేళకు ఇంటికి చేరిపోవచ్చు. దేశంలోకెల్లా ఎత్తైన జబల్ దుఖాన్ 130 మీటర్లకు కాస్త అటూఇటూ. మెట్లదారిన తిరుమల ఎక్కినవాళ్లకు దాన్ని కొండ అంటే నవ్వొస్తుంది. అయినా శుక్రవారం పొద్దున్నే మా వీధిలోంచి బయల్దేరే బళ్లను చూడాలి. రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలు, వెనక మరొకటి, ముందు నిలువెత్తు విండ్‌షీల్డు, క్రాష్ గార్డుకు జోడు ఫాగ్ లైట్లు. లడఖ్ వెళ్లి రావడానికి సరిపడా సరంజామా!

నేను వెక్కిరించను. ఆ పెట్టెల్లో మూడు నావే.

అసలు కంపెనీవాడు బండిని ఎప్పుడూ సగమే చేస్తాడు. దూరప్రయాణపు బళ్లలో రాజులాంటిదని చెప్పుకునే హోండా గోల్డ్‌వింగ్ 1975లో వచ్చినప్పుడు దానికి గాలిని ఆపే అద్దమూ లేదు, పెట్టెలూ లేవు. కొన్నవాళ్లే వెట్టర్ కంపెనీ విండ్‌జామర్ ఫెయిరింగులు తెచ్చి బిగించుకున్నారు. జనం ఏం కోరుకుంటున్నారో చూశాక, 1980లో హోండా అవన్నీ తగిలించి ఇంటర్‌స్టేట్ మోడల్ దింపింది. పెట్టెల్లో పేరుమోసిన గివి కంపెనీ పెట్టింది జ్యూసెప్పె విజెంజి అనే ఇటలీ రేసరు, 1978లో. బండి మీద గ్రాము బరువు తగ్గించడానికి తంటాలు పడ్డ మనిషి, చివరికి లోకానికి సామాను మోయించాడు.

మనవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? రాజ్‌దూత్‌కు రెండు పక్కలా కొక్కేలు వెల్డింగ్ చేయించి పాల క్యాన్లు వేలాడదీసిన మా రాజమండ్రి పాలవాళ్లు పక్క పెట్టెలకు పానియర్లన్న పేరుందని వినకుండానే వాటిని వాడారు. ట్యాంకుకు రెగ్జిన్ కవరు, రేడియం షాపులో కోయించిన దేవుడి పేరు, తాళం పడే సైడు డబ్బా ఇవన్నీ కస్టమైజేషన్ కాక మరేమిటి? సారీ గార్డు సంగతి సరేసరి, దాన్ని 1989 మోటారు వాహనాల నిబంధనల్లోనే రాసేశారు.

కొనుక్కోవచ్చు, కానీ తెలిసి కొనాలి. ఊరెళ్లినప్పుడు అక్కడ చవకని హెడ్‌లైటు తెచ్చుకునేవాళ్లున్నారు. బహ్రెయిన్ 1967లోనే ఎడమవైపు నడక మాని కుడికి మారింది. మన లైటు డిమ్ చేసినా వెలుగు ఎడమ అంచున కాస్త పైకి లేచేట్టు చేసి ఉంటుంది. అక్కడ అది రోడ్డు వారనున్న మనిషిని చూపిస్తుంది, ఇక్కడ ఎదురొచ్చేవాడి కళ్లల్లో కొడుతుంది. వెనక పెట్టె కూడా అంతే. బరువంతా వెనక చక్రం ఇరుసు దాటి కూర్చుంటే ముందు చక్రం తేలికై, వేగం పెరిగేసరికి హ్యాండిల్ వణుకుతుంది. పైగా సౌదీ వైపు వెళ్లే 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ కాజ్‌వే మీద, జూన్‌లో వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తుంటే, పక్క పెట్టెలు తెరచాపల పని చేస్తాయి. నయీమ్ ఒకప్పుడు కర్ర పడవలు కట్టిన పేట. సముద్రాన్ని పూడ్చేశాక ఒడ్డు దూరం జరిగింది గానీ, ఆ పనివాళ్లుంటే సామాను ఎక్కడ సర్దాలో ఏ మాన్యువలూ లేకుండా చెప్పేవాళ్లు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తగలేసేది జాకెట్ల మీద. ఎండలకు మెష్ జాకెట్టే మేలని అందరి నమ్మకం. 35 డిగ్రీల దాకా నిజమే. గాలి ఒంటికంటే వేడెక్కాక, ఎంత గాలి తగిలితే అంత వేడి లోపలికి వస్తుంది. ఇక చల్లబరిచేది చెమట ఒక్కటే. వేగంగా పోతుంటే జల్లెడలాంటి జాకెట్లో అది ఊరేదానికంటే వేగంగా ఆరిపోతుంది. ఆగితే మరో బాధ, ఆగస్టు ఉక్కలో అదే చెమట ఆరనంటుంది. వేడిగాలి పూట జిప్పులు కొంచెమే తెరిచి, లోపల తడి బనీను వేసుకోవడం నయం. హ్యాండిల్‌కు తగిలించిన ఫోను కూడా మనిషిలాంటిదే. ఐఫోనును 35 డిగ్రీలు దాటని చోట వాడమని ఆపిల్ చెబుతుంది. ఇంజను అదురుకు కెమెరా దెబ్బతినవచ్చని 2021లో విడిగా హెచ్చరించింది కూడా.

ఇవన్నీ నేను చదివి తెలుసుకున్నవి. మా బిల్డింగు కింద ఆర్డర్ల కోసం కాచుకునే జగిత్యాల కుర్రాడికి చదవకుండానే తెలుసు. హెల్మెట్ కింద తడి తువ్వాలు, చేతులకు తెల్ల స్లీవులు, ఫోను మీద నీడకు అట్టముక్క, సీటు మీద పూసల కవరు. అతని సరంజామా మొత్తం నా ఒక్క పెట్టె తాళం ఖరీదు చేయదు. నేను వారంలో తిరిగేదానికంటే అతను ఒక్క రోజులో ఎక్కువే తిరుగుతాడు.

“అన్నా, గీ డబ్బాలల్ల ఏం పెడ్తవే?” అని అడిగాడొకసారి.

“ప్రయాణం సామాను, తమ్ముడూ.”

“గింత దేశంల సామాను పట్టుకోని ఏడికి పోతవన్నా?”

సలాలా, అబహా అని ఏవో ఊళ్లు చెప్పాను. వీసా, బీమా, సెలవు ఈ మూడూ ఒక్కసారి కుదరాలన్నాను. అతను తల ఊపి, నా ఫోను స్టాండు స్క్రూ వదులైందని చూపించి, తన దగ్గరున్న పానాతో బిగించి వెళ్లాడు.

పక్క పెట్టెలు విప్పి బాల్కనీలో పెట్టేశాను, వాటిలో ఇప్పుడు ఉల్లిపాయలున్నాయి. వెనక పెట్టె మాత్రం బండికే ఉంది. అందులో ఖరీదైన వానకోటు ఒకటి ఉంది. ఏడాదికి పట్టుమని పది రోజులు వాన పడని దేశంలో అదెందుకని మా ఆవిడ గొడవ. 2024 ఏప్రిల్‌లో కుండపోతగా కురిసినప్పుడు గర్వంగా దాన్ని తొడుక్కుని కిందికి దిగాను. వీధి నిండా నీళ్లు, బండి తీసే దారి లేదు. అదే కోటులో నడిచి వెళ్లి పాలప్యాకెట్లు తెచ్చాను.