పెదనాన్న పెద్ద బూర

మా పెదనాన్నకి గాలి చాలదని ఊళ్ళో ఒక మాట స్థిరపడిపోయింది. గురజాల దగ్గర మా పల్లెలో బ్యాండ్‌మేళం మాదిగగూడెం వాళ్ళది. అందులో పెదనాన్న వాయించేది టూబా. ఆ పేరు మాకు చాలా ఏళ్ళు తెలియదు. పెద్ద బూర అనేవాళ్ళం.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న బూర అది. మౌత్‌పీస్ లేకుండా వచ్చింది. ఇంకేదో బూరది తెచ్చి తగిలించారు. కాడ సన్నం, అది దూరే గొట్టం వెడల్పు. లొడలొడలాడేది. పెదనాన్న సిగరెట్‌పెట్టె కాగితం చుట్టి బిగించేవాడు. ఊరేగింపు సగంలోనే అది ఉమ్మికి నానిపోయేది.

నాకు పదేళ్ళప్పుడు ఒక పెద్దింటి పెళ్ళి. కింది స్వరం పలకాల్సిన చోట బూర బుస్సుమంది. "డప్పు కొట్టుకునేవాళ్ళకి ఇంగ్లీషు బూరలెందుకురా" అన్నాడు పెళ్ళివారిలో ఒకాయన. అందరూ నవ్వారు. మాట్లాడుకున్న డబ్బులో కోత పెట్టారు. బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడని గొప్పగా చెప్పుకునే పల్నాడులో, మేళంవాళ్ళకి అందరూ తిన్నాక పందిరి బయట విస్తళ్ళు వేశారు. పెదనాన్న ముద్ద ఎత్తలేదు. ఇంటికొచ్చాక ఒకే మాట అన్నాడు: "నాకే గాలి చాలట్లేదు లేరా అబ్బాయ్."

ఆ మాటని ఆయన 20 ఏళ్ళు నమ్మాడు. చుట్ట మానేశాడు. పొద్దున్నే చెరువుకట్ట మీద ఊపిరి బిగబట్టి నడిచేవాడు.

1849లో హేయర్ దొర గురజాల వచ్చినప్పటినుంచీ లూథరన్ సంఘాలున్న నేల మాది. ఒక క్రిస్మస్‌కి పోలీసు బ్యాండ్‌లో చేసి రిటైరైన పెద్దాయన మా చర్చికి వచ్చాడు. బూర చూసి ముందు ఆ కాగితం పీకేశాడు. మౌత్‌పీస్‌ని గొట్టంలో పెట్టి వేళ్ళతో అటూ ఇటూ కదిలించాడు. ఊగింది.

"ఊగకూడదయ్యా" అని ఆయన చెప్పింది ఇదీ. కాడా, దాన్ని పట్టుకునే రిసీవరూ ఒకే వాలుతో సన్నబడాలి. అప్పుడే చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది. టూబా కాడలు ముఖ్యంగా రెండు రకాలు: అమెరికన్, దానికంటే కాస్త లావుగా యూరోపియన్. తేడా ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ, అంతే. లావు కాడ సన్న రిసీవర్‌లో సరిగా దిగదు. బూర పొడవు పెరిగినట్టై శ్రుతి పడిపోతుంది. సన్న కాడ లావు రిసీవర్‌లో మరీ లోపలికి పోతుంది, లేదంటే ఊగుతుంది, సందుల్లోంచి గాలి కారుతుంది. కాడ చివరకీ లోపలి గొట్టం మొదలుకీ మధ్య మిగిలే ఖాళీ మారినా కొన్ని స్వరాలు నిలబడవు. కాగితం చుడితే ఊగడం తగ్గుతుంది గానీ ఆ ఖాళీ మారిపోతుంది. పెదాల అదురు గొట్టంలోకి వెళ్ళి, తిరిగొచ్చి పెదాలకే దన్నివ్వాలి. ఆ దన్ను అందకపోతే ఎంత ఊదినా మనిషి అలిసిపోవడమే.

ఆయన తన సంచిలోంచి సరిపోయే మౌత్‌పీస్ తీసిచ్చాడు. పెదనాన్న ఊదాడు. చర్చి కిటికీలు అదిరాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పెదనాన్న మాత్రం బూర దించి అడిగాడు: "అయితే నాకు గాలి ఉందా సార్?"

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలదు. యూనివర్సిటీలో మొదటి ఏడాది, ఇంగ్లీషు సెమినార్‌లో నోరు పెగలక హాస్టల్ గదికొచ్చి నేనూ ఇదే లెక్క వేసుకున్నాను, నాకే ఏదో తక్కువని. బిగువు కుదిరిన మౌత్‌పీస్ ఇచ్చినంతమాత్రాన వాయించడం రానివాడికి వచ్చేయదు. పెదనాన్నకి విద్య వచ్చు కాబట్టే ఆ రోజు పలికింది. కానీ పాతికేళ్ళ ఆ విద్యని ఒక్క మిల్లీమీటరు తొక్కిపెట్టింది. సరిపడని సరుకు చేతికిచ్చి, పలకకపోతే మెరిట్ లేదన్నారు. మనమూ నమ్మాం. అసలు నష్టం అక్కడ జరిగింది.

హాస్టల్ గదుల్లో తలదించుకు కూర్చున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఊపిరిని తప్పుపట్టుకునే ముందు మీ చేతికేమిచ్చారో ఒకసారి కదిలించి చూడండి.

జై భీమ్.