పసుపు కళ్ళంలో విమానం మాట

హైదరాబాదు నుంచి నాగపూరు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, మాఘమాసంలో ఒక్కసారి ప్రయాణం చేసి చూడండి. కామారెడ్డి దాటి, డిచ్‌పల్లి దాటి, ఆర్మూరు ఇంకా కొద్ది దూరం ఉందనగా గాలి వాసన మారుతుంది. అది ఉడుకుతున్న పసుపు వాసన. దారికి అటూ ఇటూ ఉన్న కళ్ళాల్లో పసుపు కొమ్ములు ఆరబోసి ఉంటాయి. వాటి మధ్య నడిచే మనుషుల పాదాలు, పంచె అంచులు, చివరకు పడుకున్న కుక్క వీపు కూడా పచ్చగానే కనిపిస్తాయి. ఆ చోటే జక్రాన్‌పల్లి.

ఉత్తరాన ఆర్మూరు నల్లబండల గుట్టలున్నాయి. ఎవరో తీరికగా కూర్చుని ఒకదాని మీద ఒకటి పేర్చినట్లుంటాయి. నవనాథ సిద్ధులు అక్కడ తపస్సు చేశారనీ, ఆరుగురూ ముగ్గురూ కలిసి తొమ్మండుగురు కాబట్టి ఊరికి ఆర్మూరని పేరు వచ్చిందనీ స్థానికులు చెబుతారు. ఆ సిద్ధులు ఆకాశగమనం చేసేవారో లేదో గాని, ఈ ప్రాంతం వారికి ఆకాశయానం కొత్తది కాదు. గల్ఫు దేశాలకు పోయిన కొడుకో అల్లుడో లేని వాడ ఇక్కడ అరుదు. ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని శంషాబాదు దాకా వెళ్ళి, అద్దాల తలుపుల దగ్గర కన్నీళ్ళతో సాగనంపి, తెల్లవారేసరికి ఊరు చేరుకోవడం వీరికి ఎన్నో ఏళ్ళుగా అలవాటు. విమానమంటే వీరి లెక్కలో బిడ్డను తీసుకుపోయేది. రెండేళ్ళకో మూడేళ్ళకో తిరిగి తెచ్చేది.

అటువంటి జక్రాన్‌పల్లి పేరు విమానాశ్రయాల జాబితాకెక్కింది. తెలంగాణ ప్రభుత్వం కొత్త విమానాశ్రయాల కోసం ఎంచిన ఆరు చోట్లలో ఇది ఒకటి. తక్కినవి మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాదు, పాల్వంచ, దేవరకద్ర. విమానాశ్రయాల సంస్థ వారు వచ్చి నేల చూసి పోయారు. నేను వెళ్ళిన నాటికి అక్కడ రన్‌వే లేదు; పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న ఉన్నాయి. రన్‌వే లేకపోతేనేం, కుర్రవాళ్ళ మనసుల్లో విమానాలు అప్పుడే దిగుతున్నాయి.

నేను వెళ్ళింది కూడా అటువంటి కుర్రవాడి మాట మీదనే. మా కళాశాలలో ఇంటర్మీడియట్ చదివిన పిల్లవాడు. లెక్కల్లో దిట్ట, ఛందస్సులో మాత్రం గణాలు తడుముకునేవాడు. “మా బాపుతోని ఒక్కసారి మాట్లాడుండ్రి సార్” అని పట్టుబట్టి తీసుకుపోయాడు. కళ్ళం గట్టు మీద నులకమంచం వేశారు. చాయ వచ్చింది. తండ్రి ఏ ఉపోద్ఘాతమూ లేకుండా అడిగాడు:

“సారు, మా పోరడు విమానం నడుపుతనంటున్నడు. యాభై లక్షల దాక అయితయంట. రోడ్డు పొంటి రెండెకరాలున్నయి. అమ్మమంటరా, ఉంచుమంటరా?”

తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఈ ప్రశ్న పెద్దదే. కాని కుర్రవాడు ముందే చెప్పి ఉంచినందువల్ల, నాలుగు చోట్ల విచారించి, తెలుసుకున్నది కొంత మూటగట్టుకునే వెళ్ళాను.

విమానం నడపడం నేర్చుకునేందుకు కావలసింది ధైర్యమే అనుకుంటాం. నిజానికి ఎక్కువగా కావలసింది ఓపిక. మొదట వైద్యపరీక్ష, రంగులు సరిగా పోల్చలేని కన్ను అక్కడే ఆగిపోవచ్చు. తరువాత వాతావరణం, దిక్కుల లెక్క, విమాన నిబంధనలు, యంత్ర విషయాలు — అన్నింటా నూటికి 70 మార్కులు రావాలి. 35తో గట్టెక్కే మన సంప్రదాయం అక్కడ చెల్లదు. రేడియోలో మాట్లాడేందుకు వేరే పరీక్ష. ఇక గాలిలో గడపవలసింది 200 గంటలు. అందులో 100 గంటలు తానే అధికారిగా నడపాలి. ఒకే ప్రయాణంలో 300 నాటికల్ మైళ్ళు పోయి, దారిలో రెండు వేరువేరు విమానాశ్రయాల్లో దిగి రావాలి. రాత్రివేళ 10 సార్లు లేవాలి, 10 సార్లు దిగాలి.

ప్రతి గంటా లాగ్‌బుక్ అనే పుస్తకంలో రాసుకుంటారు. పైలట్‌కు అదే జాతకం, అదే పాసుపుస్తకం. గురువు పక్కన లేకుండా మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగిన రోజున, చాలా శిక్షణ పాఠశాలల్లో తోటివాళ్ళు బిందెలతో నీళ్ళు కుమ్మరిస్తారట. “పెండ్లికొడుకును చేసినట్లే” అని వెనుక నుంచి తల్లి నవ్వింది.

“లైసెన్సు చేతికొచ్చినాక నౌకరి ఎన్నొద్దులకొస్తది?” అన్నాడు తండ్రి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. లైసెన్సు వేరు, ఉద్యోగం వేరు. 200 గంటలు నడిపింది ఇద్దరో నలుగురో కూర్చునే చిన్న విమానం. ఉద్యోగంలో నడపవలసింది 70 మందిని ఎక్కించుకునే ఎ.టి.ఆర్., లేదా అంతకు రెండింతలు పైగా ఎక్కించుకునే ఎయిర్‌బస్. ఒక్కొక్క రకం విమానానికి ఒక్కొక్క ప్రత్యేక అర్హత సంపాదించాలి. దానికి మళ్ళీ లక్షలు. పైగా 2023లో లైసెన్సులు పుచ్చుకునేవారు పెరిగారు. 2022లో దేశం మొత్తం మీద 1,165 మందికి ఇస్తే, 2023లో 1,622 మందికి ఇచ్చారు. ఆ 2023లోనే ఒక సంస్థ 470 విమానాలకూ, మరొకటి 500 విమానాలకూ ఆర్డరు పెట్టాయి. ఇన్ని విమానాలు వస్తుంటే కుర్రవాళ్ళు ఖాళీగా ఎందుకుంటారని మీరు అడగవచ్చు. కరవు ఉన్నది కొత్తవారికి కాదు, అనుభవం గల కెప్టెన్లకు. కెప్టెన్ హోదాకు వెళ్ళే పెద్ద లైసెన్సు కావాలంటే 1,500 గంటలు ఎగిరి ఉండాలి. ఆ గంటలు ఉద్యోగంలో గాని సమకూరవు. ఉద్యోగమిచ్చేవారేమో అనుభవం అడుగుతారు. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదన్నట్లు!

ఈ ముడిని విప్పేవి చిన్న ఊళ్ళను కలిపే ప్రాంతీయ సంస్థలే. కొత్త పైలట్ రోజుకు మూడు నాలుగు సార్లు లేచి దిగుతూ పనిలో ఆరితేరేది అక్కడ. మన హైదరాబాదుకు ఇందులో మంచి పేరే ఉంది. 1945లో నిజాం రైల్వే, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్, ఎనిమిది సంస్థలు కాదన్న ప్రేమ్ మాథుర్‌ను పైలట్‌గా తీసుకుంది. దేశంలో అటువంటి ఉద్యోగం చేసిన మొదటి మహిళ ఆమె. ఈనాడు మన దేశపు పైలట్లలో నూటికి దాదాపు 15 మంది స్త్రీలంటే, ఆనాడు తెరిచిన ఆ తలుపును తలుచుకోవాలి. ఆ డెక్కన్ ఎయిర్‌వేస్ 1953లో జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

తరువాతి కథలు మాత్రం అంత తీపి కావు. విజయవాడ కేంద్రంగా 2013లో ఎయిర్ కోస్టా వచ్చింది, 2017లో ఆగిపోయింది. హైదరాబాదు నుంచి 2015లో ట్రూజెట్ లేచింది. ఉడాన్ పథకం 2017 ఏప్రిల్ 27న మొదలైనప్పుడు కడపకూ, ఈ నిజామాబాదుకు పొరుగునే ఉన్న నాందేడుకూ హైదరాబాదు నుంచి నడిచినవి ఆ సంస్థ విమానాలే. 2022లో అదీ నేల మీదనే నిలిచిపోయింది. ఎయిర్ కోస్టా వారు నడిపినవి ఎంబ్రేయర్ విమానాలు. ఆనాడు వాటి మీద అర్హత ఉన్నవాడికి, అవే విమానాలున్న మరో సంస్థ మన దేశంలో దొరకడం గగనమే.

నేనీ మాట అంటూండగానే పెద్దాయన చేయెత్తి ఆపాడు.

“సమజైంది సారు. ఎర్రజొన్న లెక్కనే!”

ఈ ప్రాంతంలో ఎర్రజొన్న తినడానికి పండించరు. ఉత్తరదేశంలో పశుగ్రాసానికి విత్తనంగా పోతుంది. కొనే వ్యాపారి కొంటే ధనం, కొనకపోతే మరో గిరాకీ లేదు. 2019 ఫిబ్రవరిలో ఎర్రజొన్నకూ పసుపుకూ గిట్టుబాటు ధర కావాలని రైతులు ఇదే రహదారి మీద బైఠాయించారు. ఆ ఏప్రిల్ లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాదు నుంచి 170 మందికి పైగా రైతులు పోటీకి నిలిచి దేశాన్నంతా ఇటు చూసేట్లు చేశారు. అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో వచ్చింది. పంట చేతికొచ్చిన నాడే ధర ఉండాలన్న నియమం లేదని వీరికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. తొమ్మిది నెలలు నేలలో ఉంచి, తవ్వి, ఉడికించి, రెండు వారాలు ఎండబెట్టి, బండికెత్తిన తరువాత కూడా ధర చెప్పేది మార్కెట్టే.

నేను ఇంత మాత్రం చెప్పాను. ముందు వైద్యపరీక్ష చేయించండి. ఆ పైన రాత పరీక్షలు. విమానం ఎక్కకముందే అవి రాసుకోవచ్చు, వాటికి ఎకరాలు అమ్మనక్కరలేదు. రెండూ గట్టెక్కిన తరువాతే పాఠశాల మాట. అక్కడ ఎన్ని విమానాలున్నాయో కాదు, ఎన్ని నడుస్తున్నాయో, 200 గంటలు పూర్తి కావడానికి నిరుటి పిల్లలకు ఎన్ని నెలలు పట్టిందో అడగండి. ఉన్న డబ్బంతా లైసెన్సుకే పెట్టకుండా, ఆ పై అర్హతకూ, ఉద్యోగం వచ్చేదాకా తిండికీ కొంత మిగుల్చుకోండి.

“అంటే, ముందుగాల మన్ను పరీక్ష, ఆనక ఇత్తనం” అన్నాడాయన. కాసేపు పసుపు కొమ్ములను వేళ్ళతో తిరగేశాడు. ఆ తరువాత కొడుకు వైపు చూశాడు. “పరీక్షలు పాసుగా. పాసైతే ఒక ఎకరం అమ్ముత. రెండోది ముట్ట. నువ్వు పైకెల్లి దిగేదాక ఆ ఎకరంల పసుపు పెడత.”

కుర్రవాడి ముఖం వెలిగింది. కాని వాడి సందేహం వేరే ఉంది.

“సార్, మన జక్రాన్‌పల్లిల ఎయిర్‌పోర్టు ముందయితదా, నేను కెప్టెన్ ముందయితనా?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. తల్లి మాత్రం తడుముకోలేదు.

“ఏది ముందయితేంది బిడ్డా! నువ్వెక్కడ దిగినా ఇంటికి బస్సుల్నే రావాలె. రేపు వద్దుగాల లేచి పసుపు తిరగెయ్యి.”