డెట్రాయిట్‌లో గమకం

అమెరికా వెళ్లొచ్చిన వాళ్లందరూ నయాగరా గురించే చెబుతారు. నాకు మాత్రం డెట్రాయిట్ గుర్తుకొస్తుంది. నవ్వకండి, నేనక్కడికి డాన్సు సంగీతం వినడానికి వెళ్లాను!

మా అబ్బాయి ఎం.ఎస్. పట్టా తీసుకుంటున్నాడని 2024 మేలో మా వారూ నేనూ మిచిగాన్ వెళ్లాం. వాడికి చదువుతో పాటు ఇంకో పిచ్చి ఉంది. రాత్రిళ్లు కంప్యూటర్ మీద డాన్సు పాటలకు బాణీలు కడతాడు. ఇంటర్లో ఉండగా ఒకసారి, "ఆ డబడబలు ఆపరా, తల పగిలిపోతోంది" అని విసుక్కున్నాను. ఆ రోజునుంచీ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మొదలెట్టాడు. ఆ తర్వాత కట్టినదేదీ నాకు వినిపించలేదు. అది నా మనసులో ముల్లులా ఉండిపోయింది. అందుకే "డెట్రాయిట్ వస్తావా అమ్మా?" అనగానే సరేనన్నాను.

డెట్రాయిట్ అంటే కార్ల ఊరు. ముందు మోటౌన్ మ్యూజియం చూశాం. బయటికి మామూలు రెండంతస్తుల ఇల్లే. బెర్రీ గోర్డీ 1959లో పెట్టిన పాటల కంపెనీ ఇక్కడే పెరిగింది. అంతకుముందు ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. 1980లలో ఈ ఊరి దగ్గరి బెల్‌విల్‌లో చదువుకున్న ముగ్గురు స్నేహితులు హ్వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ యంత్రాలతో కొత్త డాన్సు సంగీతం చేశారు. అదే టెక్నో.

ఆ సంగీతానికి మే నెలాఖరున నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో మూడు రోజుల ఉత్సవం. 2000లో మొదలైంది. కారులోనే పులిహోర తినేసి, చెవుల్లో దూది పెట్టుకుని లోపలికెళ్లాం. అవతలి ఒడ్డు కెనడా! మా వారు నదివైపు తిరిగి కూర్చుని పడవలు లెక్కపెట్టారు.

తిరిగి వస్తుంటే డెరిక్ మే 1987లో చేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' పెట్టాడు మావాడు. పియానో ఎగిరెగిరి పడుతోంది. యంత్రంలోంచి ఇంత ఉత్సాహం ఎలా వచ్చిందా అనుకున్నాను. "నాది కూడా వింటావా?" అన్నాడు మెల్లగా.

గదికొచ్చాక విన్నాను. మన మోహనమే! స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. నేను చిన్నప్పుడు ఆరేళ్లు వీణ నేర్చుకున్నానులెండి. పెళ్లయ్యాక అది అటకెక్కింది.

"ముందు నోటితో పాడరా. ఊపిరి తీసుకునే చోట ఖాళీ వదులు" అన్నాను. అన్ని స్వరాలూ ఒకే గట్టిగా మోగుతుంటే కొన్నింటిని మెల్లగా నొక్కమన్నాను. గాంధారం దగ్గర నేను పాడి చూపిస్తే, వాడు కీబోర్డు ఎడమ పక్కనున్న చిన్న చక్రం తిప్పాడు. స్వరం కాస్త వంగి మళ్లీ నిలబడింది. అదేకదండీ గమకం!

"ఇందులో వరుస మళ్లీ మళ్లీ రావాలమ్మా" అన్నాడు. "కృతిలో పల్లవి రాదూ? వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త సంగతి వేస్తాం. మొత్తం మార్చకు, చివర కొంచెం మార్చు" అన్నాను.

అప్పుడు చెప్పాడు, ముంబై సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ 1982లోనే పది రాగాలను ఇలాంటి యంత్రాల మీద డిస్కో తాళానికి వాయించాడని. అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదట. 2010లో మళ్లీ విడుదలయ్యాక విన్నవాళ్లు ఆశ్చర్యపోయారట. అందులో భూపాలి కూడా ఉంది. అంటే మన మోహనమే.

తెల్లవారుజాము రెండయింది. మావాడు హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేశాడు. మా వారు పక్కగదిలోంచి "ఆ డబడబలు ఆపండి" అని కేకేశారు. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటికి రాగానే వీణ దింపించి, తీగలు మార్పించాను. మీ పిల్లలు కూడా చెవులు మూసుకుని ఏదో వింటూ ఉంటే, ఒకసారి పక్కన కూర్చుని "ఏదీ, నాకూ వినిపించు" అనండి.