‘బ్యాక్ అవుట్’ – ఒక మాట, కొన్ని ఆలోచనలు

ఆంగ్లభాషను పరభాషగా అభ్యసించేవారికి కొరకరాని కొయ్యలుగా నిలిచేవి పెద్ద పెద్ద పదాలు కావు. పెద్ద పదానికి నిఘంటువు తోడుంటుంది. ఒక చిన్న క్రియ పక్కన ఒక చిన్న అవ్యయం చేరి, ఆ రెండింటిలోనూ లేని మూడవ అర్థాన్ని పుట్టించినప్పుడే అసలు చిక్కు. విదేశీయులకు మిక్కిలి కష్టం కలిగించేవి ఇవేనని శామ్యూల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు పీఠికలోనే గుర్తించాడు. ‘ఫ్రేజల్ వెర్బ్’ అనే పేరును లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన గ్రంథంలో వాడి, ఆ పేరు సూచించినవాడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పుకున్నాడు. ఉర్దూ మాధ్యమం నుండి కొందరం, తెలుగు మాధ్యమం నుండి కొందరం వచ్చి ఒకే బల్లపై కూర్చున్న మాకు ఈ క్రియలు ఉమ్మడి కష్టాలు. వాటిలో ‘బ్యాక్ అవుట్’ అనేదానిని ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

‘బ్యాక్’ అంటే వీపు, ‘అవుట్’ అంటే వెలుపల. ఈ రెండింటినీ కూడితే వచ్చే అర్థం శూన్యం. అయితే ఇరుకైన కొట్టం నుండి కారును వెనుకకు నడిపి బయటికి తెచ్చేటప్పుడు ఆంగ్లేయుడు ఈ మాటనే వాడుతాడు. ముందుకు దారి లేదు. వచ్చిన దారినే, ముఖం లోపలికే ఉంచి, వెనుకకు జరగాలి. ఈ దృశ్యం నుండే రెండవ అర్థం సులభంగా బోధపడుతుంది. ఒప్పందంలోకి అడుగుపెట్టిన మనిషి పని పూర్తికాకముందే మెల్లగా బయటపడితే, అతడు ‘బ్యాక్డ్ అవుట్’. దేని నుండి తప్పుకున్నాడో చెప్పవలసివస్తే ‘ఆఫ్’ చేర్చాలి: ‘హి బ్యాక్డ్ అవుట్ ఆఫ్ ది అగ్రిమెంట్’.

దీని తోబుట్టువులను వేరుచేసి గుర్తించాలి. వాదంలోనో, పంతంలోనో ఎదుటివానికి తగ్గడం ‘బ్యాక్ డౌన్’. మీదికి వచ్చినవాడు దూరంగా జరగడం ‘బ్యాక్ ఆఫ్’. సేనలను వెనుకకు రప్పించడం ‘పుల్ అవుట్’. నోటితో అన్నమాటను కాదనడం ‘గో బ్యాక్ ఆన్ వన్స్ వర్డ్’. ‘విత్‌డ్రా’ అనే మాటలో నింద లేదు. ఎన్నికల అభ్యర్థి గడువులోగా లిఖితపూర్వకంగా తప్పుకోవడానికి 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం వాడిన మాట ఇదే. ‘బ్యాక్ అవుట్’లో మాత్రం సాధారణంగా నింద తొంగిచూస్తుంది.

మన భాషలు ఈ భావాన్ని ఎలా పలుకుతాయి? ఆంగ్లం వీపును చూపితే, తెలుగు కాలిని చూపుతుంది. అంజ అంటే అడుగు; అందుకే ‘వెనుకంజ’. మాట విషయంలోనైతే ‘నాలుక మడత వేశాడు’ అంటాము. ఉర్దూ చేతిని చూపుతుంది: ‘దస్త్‌బర్‌దార్ హోనా’ అంటే చేయి ఎత్తివేయడం, అనగా హక్కును వదులుకోవడం. అది గౌరవంగా కూడా జరగవచ్చు. అన్నమాట అననేలేదనడం ‘ముకర్ జానా’. వాగ్దానభంగం ‘వాదాఖిలాఫీ’. ఒక ఆంగ్లపదానికి సరియైన అనువాదం కావాలంటే ముందు తప్పుకున్నవాని మనస్సును తెలుసుకోవాలన్నమాట.

తప్పుకోవడానికి న్యాయమైన సమయం కూడా కలదు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం అయిదవ సెక్షను ప్రకారం, అవతలివారి అంగీకారం పూర్తిగా తెలియజేయబడకముందు ఎవరైనా తమ ప్రతిపాదనను ఉపసంహరించుకోవచ్చు. తరువాత ఆ స్వేచ్ఛ లేదు. మాటకు మాట కలిసిన క్షణం నుండి అది ఇద్దరి సొత్తు.

వెనుకకు మరలడం, మాట తప్పడం ఒకటి కావని చరిత్ర చెబుతుంది. క్రీ.శ. 628లో ప్రవక్త ముహమ్మద్ సుమారు 1,400 మంది అనుచరులతో ఉమ్రాకై బయలుదేరి, హుదైబియా వద్ద ఖురైషులతో సంధి చేసుకొని, ఆ యేడు కాబాను దర్శించకుండానే మదీనాకు మరలిపోయారు. సంధి షరతు ప్రకారం, సంకెళ్లతో శరణు కోరి వచ్చిన అబూ జందల్‌ను సైతం అప్పగించవలసివచ్చింది. అనుచరుల గుండెలు మండినా మాట నిలిచింది. మరుసటి యేడు ఉమ్రా నెరవేరింది. పోతన భాగవతంలోని బలిచక్రవర్తి కథ మరొకటి. మూడడుగుల దానం నుండి తప్పుకొమ్మని గురువు శుక్రాచార్యుడే చెప్పినా బలి తప్పుకోలేదు. ఒకచోట అడుగు వెనుకకు పడింది, మాట నిలిచింది; మరొకచోట రాజ్యం పోయింది, మాట నిలిచింది.

ఇంత చెప్పి మా పేటలోని సంగతి చెప్పకపోతే ఇది వ్యాకరణ పాఠంగానే మిగిలిపోతుంది. ఒక ఇంట మంగ్నీ జరిగింది. తేదీ కుదిరింది, కార్డులు అచ్చయ్యాయి. అప్పుడు వరుని వారు మాట్లాడుకున్న జోడే కీ రఖం చాలదన్నారు. ఇంటిని తాకట్టు పెట్టి అంతవరకు తెచ్చిన తండ్రి మరి ఇవ్వలేనన్నాడు. వారు రాలేదు. పేటలో అందరూ ‘సంబంధం తప్పిపోయింది’ అన్నారు. తప్పిపోవడానికి అదేమైనా సంతలో తప్పిపోయిన పిల్లవాడా? తప్పించినవారు లేరా? మన వాక్యంలో కర్త మాయమయ్యాడు. కర్త లేనిచోట నింద అమ్మాయి మీద వాలింది. మాట మార్చినవారు ఒకరు, తల వంచుకొని నడిచినది మరొకరు. ఆంగ్లంలో ఈ సంగతి చెప్పాలంటే ‘దే బ్యాక్డ్ అవుట్’ అనాలి; ఆ ‘దే’ను దాచడం కుదరదు. పరభాష మాకు నేర్పిన మేలైన పాఠం ఇదేననుకుంటాము.

అదే ఇంటివారు ఆ అదనపు కోరిక విన్ననాడే, తామే ‘ఈ సంబంధం మాకు వద్దు’ అని ఉంటే? అదీ తప్పుకోవడమే, కాని అందులో సిగ్గుపడవలసినది లేదు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం, అడగడం కూడా నేరమని 1961 నాటి చట్టం చెబుతున్నది. అన్యాయమైన బేరం నుండి వెనుకకు వచ్చేవానికి వెనుకంజ అనే మాట వర్తించదు.

సోదర విద్యార్థులారా, రేపు మనము ఉద్యోగాలలో, సంఘాలలో, సంసారాలలో ఎన్నో మాటలు ఇవ్వవలసినవారము. ఇచ్చేముందు ఆలోచించుటకు కావలసినంత వ్యవధి ఉంటుంది. ఇచ్చిన తరువాత ఉండదు. తప్పుకోక తప్పనప్పుడు కారణం ఎదుట నిలబడి చెబుదాము. ఇతరులు తప్పుకున్నప్పుడు కర్తను పేర్కొందాము. అప్పుడు పరీక్షలో ఈ క్రియకు అర్థం రాయడమే కాదు, జీవితంలో దానిని ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడరాదో కూడా మనకు తెలిసినట్లే.