గాలిపట్టు తప్పినప్పుడు

'స్టాల్' అన్న మాట చెవిన పడగానే మా మాసబ్ ట్యాంక్ వాసులకు తోచేది మిర్చి బజ్జీల బండి, చాయ్ దుకాణం, లేదా నాంపల్లి నుమాయిష్‌లో వరుసగా తీర్చిన అంగళ్ళు. కారు నడిపేవారికైతే, సిగ్నలు దగ్గర క్లచ్చి తొందరపడి వదలగా ఇంజను గుక్కపట్టి ఆగిపోవడం. విమానయాన శాస్త్రంలో ఈ మాటకు ఈ రెండింటితోను సంబంధం లేని మూడవ అర్థమొకటి ఉన్నది. అది తెలియనందువలన 'విమానం స్టాల్ అయినది' అని ఎక్కడ చదివినా, గాలిలో ఇంజన్లు ఆగిపోయినవి కాబోలు అనుకొనేవారే మనలో ఎక్కువ.

మాటలు రూపు మారడం మా పేటకు కొత్త కాదు. ఒకనాడు 'మా సాహెబా' పేరిట ఉన్న చెరువు, జనం నోళ్ళలో నలిగి నలిగి మాసబ్ ట్యాంక్ అయినది. చెరువు పోయినది, నలిగిన పేరు మిగిలినది. అందువలన ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. కాని ఈ స్టాల్ అన్న మాట సంగతి వేరు. దీని అర్థం ఏమిటో బుద్ధికి తెలిసినా చేతికి తెలియనందువలన వందలమంది మరణించినారు. ఆ ముచ్చటే ఈ టపా.

తెలుగు చెప్పుకొని బ్రతికినవానికి విమానాల గొడవ ఏల అని మిత్రులు అడగవచ్చు. మా భవనం పై అంతస్తులో ఒక తల్లీ కూతురూ ఉన్నారు. తండ్రి లేని పిల్ల. బడి రోజుల్లో సెలవులకు నా వద్ద కూర్చుండి గురులఘువులు గుర్తించడం నేర్చుకొన్నది. ఇప్పుడు పైలట్ శిక్షణలో ఉన్నది. తల్లి ఊరిలోని ఇంటిస్థలం తాకట్టు పెట్టి సగం రుసుము కట్టినది. పిల్ల సెలవుకు వచ్చి, "ఈ నెల మాతో స్టాల్స్ చేయిస్తున్నారు" అని సంబరంగా చెప్పినది. స్టాల్ అంటే ఏమిటని తల్లి అడిగినది. చెప్పిన జవాబు సగమే అర్థమై, నేరుగా మా ఇంటికి దిగివచ్చినది.

"సార్, గాల్లకు పోయినంక విమానం కావాల్నని పడేస్తరంట! గట్ల నేర్పుతరా ఎక్కడన్నా? మిగిలిన పైసలు నేను కట్ట. మీరన్నా జర చెప్పుండ్రి దానికి" అన్నది.

చెప్పవలెనంటే ముందు నాకు తెలియవలెను గదా! ఆ పిల్లనే కూర్చోబెట్టి మూడు సాయంత్రాలు పాఠం చెప్పించుకొన్నాను. తరువాత దొరికినంత చదివినాను. నాకు తెలిసివచ్చినది ఇది.

చిన్ననాడు బస్సు కిటికీలోనుండి చేయి బయటపెట్టి పెద్దలచేత తిట్లు తినని వారెవ్వరు? అరచేతిని నేలకు సమంగా చాచి, వేళ్ళవైపు అంచును కొద్దిగా పైకెత్తితే గాలి చేతిని పైకి లేపుతుంది. ఇంకొంచెం ఎత్తితే ఇంకొంచెం లేపుతుంది. ఒక హద్దు దాటించి ఎత్తినామా, పైకి లేపడం మాని చేతిని వెనుకకు విసిరివేస్తుంది. విమానపు రెక్క కథ అంతా ఇందులోనే ఉన్నది. రెక్కకూ ఎదురువచ్చే గాలికీ నడుమ ఉండే కోణం పెరిగేకొద్దీ ఉత్థాపక బలం పెరుగుతుంది. రెక్క వీపు వంపును అంటిపెట్టుకొని గాలి నునుపుగా పారుతున్నంతసేపే ఈ లాభం. సామాన్యమైన రెక్కలకు ఆ కోణం 15, 16 డిగ్రీలు దాటగానే వీపుమీది గాలి రెక్కను వదలి సుడులు తిరుగుతుంది. ఎత్తిపట్టే బలం ఒక్కసారిగా తగ్గిపోతుంది. దానికే స్టాల్ అని పేరు.

ఇందులో ఇంజను ప్రసక్తి లేదని గమనించగలరు. ఇంజను పూర్తి శక్తితో హోరెత్తుతున్నా రెక్క పట్టు తప్పవచ్చు. ఇంజనే లేని గ్లైడరు పట్టు తప్పకుండా గంటల తరబడి ఎగరవచ్చు. నెమ్మదిగా పోతే స్టాల్ అవుతుందన్న మాట కూడా సగం నిజమే. వేగం తగ్గినప్పుడు ఎత్తు నిలుపుకోవడానికి పైలట్ ముక్కు పైకెత్తుతూ పోతాడు గనుక కోణం హద్దు చేరుతుంది. వేగంగా పోతున్నప్పుడు కూడా నిటారుగా మలుపు తిప్పితే అదే జరుగుతుంది. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగే విమానంలో రెక్క మోయవలసిన భారం రెట్టింపు. తిన్నగా ఎగురుతూ గంటకు 90 కిలోమీటర్ల వద్ద పట్టు తప్పే చిన్న విమానం, ఆ మలుపులో దాదాపు 127 వద్దనే తప్పుతుంది. నేరం వేగానిది కాదు, కోణానిది.

మా పిట్టగోడమీద వాలే పావురాలను చూసినప్పుడల్లా నాకు ఈ పాఠమే గుర్తుకు వస్తున్నది. గోడ సమీపించగానే పావురం ఒళ్ళు నిటారుగా ఎత్తి, రెక్కలు ఎదురుగాలికి అడ్డంగా పట్టి, వేగమంతా పోగొట్టుకొని జానెడు ఎత్తునుండి దిగబడుతుంది. అది ఇష్టపడి తెచ్చుకొన్న స్టాల్. పావురానికి జానెడే ఎత్తు గనుక నష్టం లేదు.

మానవుడు మాత్రం ఈ విద్యకు మూల్యం చెల్లించినాడు. జర్మనీ దేశస్థుడు ఓటో లిలియెంతాల్ తాను కట్టుకొన్న రెక్కలతో దాదాపు రెండు వేలమార్లు గాలిలో జారినవాడు. 1896 ఆగస్టు 9న ఆయన గ్లైడరు పట్టు తప్పి సుమారు 15 మీటర్ల ఎత్తునుండి కూలినది. మరునాడు మరణించినాడు. ఆ వార్త అమెరికాలోని రైట్ సోదరులను కదిలించినది. వారు తమ విమానానికి ముక్కును ఎత్తి దించే పలకను ముందువైపు పెట్టుకోవడానికి లిలియెంతాల్ మరణం ఒక కారణం.

పట్టు తప్పిన రెక్కకు మందు ఏమిటి? కోణం పెరిగి తప్పినది గనుక కోణం తగ్గించవలెను. అనగా కింద పడిపోతున్న విమానపు ముక్కును ఇంకా కిందికి వంచవలెను! తరువాత ఒరిగిన రెక్కలను సరిచేసి, ఇంజను శక్తి పెంచి, వేగం చేరిన తరువాత మెల్లగా పైకి తేవలెను. వినడానికి నాలుగు ముక్కలు. కాని నేల మీదికి దూసుకువస్తుంటే మనిషి చేయి కర్రను తనవైపే లాగుతుంది. శరీరం చెప్పేది ఒకటి, శాస్త్రం చెప్పేది ఒకటి.

అద్దె సైకిలుమీద తొక్కడం నేర్చినవారికి ఈ చిక్కు తెలుసును. ఎటు పడుతున్నామో అటే హాండిలు తిప్పవలెనని అన్న చెబుతాడు. మనసు ఒప్పుతుంది, చేతులు ఒప్పవు. మోకాళ్ళు పదిమార్లు చెక్కుకొన్న తరువాత చేతులు ఒప్పుకొంటాయి. విమానంలో మోకాళ్ళు చెక్కుకొనే సదుపాయం లేదు. అందువలననే శిక్షకులు పిల్లలను వేల అడుగుల ఎత్తుకు తీసుకొనిపోయి, చుట్టూ కిందా ఎవరూ లేరని చూసుకొని, కావాలని పట్టు తప్పించి, మరల పట్టు తెప్పిస్తారు. మా నగరం శివారున దుండిగల్ వాయుసేన అకాడమీలో 2013 నుండి పిలాటస్ విమానాలమీద మొదటి పాఠాలు నేర్చే యువకులూ యువతులూ ఈ గండం దాటవలసినవారే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలకముందు, పంజగుట్టకు అవతల బేగంపేటనుండి పెద్ద విమానాల నడుమ శిక్షణ విమానాలు బొమ్మల్లాగా లేచేవి. వాటిలోని పిల్లలు పైన ఏమి నేర్చుకొంటున్నారో అప్పుడు నాకు తెలియదు.

ఇక్కడ పద్యనాటక ప్రియులకు ఒక ముచ్చట. సెస్నా 152 అనే చిన్న శిక్షణ విమానపు ఎడమ రెక్క అంచున ఒక రంధ్రముంటుంది. రెక్క పట్టు తప్పే కోణాన్ని సమీపించగానే ఆ రంధ్రం వద్ద పీడనం తగ్గి, గాలి ఒక రీడు గుండా బయటికి లాగబడుతుంది. రీడు మోగుతుంది. కరెంటు లేదు, యంత్రాంగం లేదు. మన నాటకాల హార్మోనియంలో శ్రుతి పలికించేదీ అటువంటి రీడే. పట్టు తప్పడానికి ఇంకా కొంత వేగం మిగిలి ఉండగానే ఆ శ్రుతి మొదలవుతుంది. "తాతగారూ, ముందు సన్నగా పలుకుతుంది, తరువాత ఏడుస్తుంది" అని పిల్ల చెప్పినది. పెద్ద విమానాలలో పైలట్ చేతిలోని కర్రనే గడగడ వణికించే ఏర్పాటుంటుంది.

హెచ్చరిక ఉంటే సరిపోతుందా? 2000 జులై 17న కలకత్తానుండి వచ్చిన అలయన్స్ ఎయిర్ 7412, బోయింగ్ 737, పాట్నాలో దిగవలసి ఉన్నది. ఉండవలసినదానికన్న ఎత్తులో ఉన్నది. ఇంజన్లు నిద్రావస్థలో ఉండగా, వేగం తగ్గనిచ్చి, ముక్కు పైకెత్తి అటూ ఇటూ ఒరిగించినారు. కర్ర వణికినది. అప్పుడు సిబ్బంది చేయవలసినది ముక్కు దించి రెక్కకు పట్టు తెప్పించడం. వారు చేసినది, దిగడం మానుకొని మరల పైకి లేవబోవడం. నిజంగా పట్టు తప్పినది అప్పుడే అని విచారణలో తేలినది. విమానం గర్దనీబాగ్‌లోని ప్రభుత్వ గృహాలమీద పడినది. విమానంలోని 55 మంది, నేలమీద 5 మంది మరణించినారు. చేయబోయిన పని మామూలు వేళలో తప్పు కాదు. ఆ క్షణానికి తగినది కాదు, అంతే.

అంతకన్న విషాదం 2009 జూన్ 1 నాటిది. రియో నుండి పారిస్ పోతున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో, అట్లాంటిక్ సముద్రం మీద, వేగం కొలిచే గొట్టాలలో మంచు గడ్డకట్టినది. ఆటోపైలట్ తప్పుకొన్నది. చీకటి, గందరగోళం. సహపైలట్ కర్రను వెనుకకు లాగి విమానాన్ని 38 వేల అడుగులదాకా ఎక్కించినాడు. రెక్క పట్టు తప్పినది. ఇంజన్లు రెండూ చక్కగా పనిచేస్తున్నవి. 'స్టాల్, స్టాల్' అని యంత్రం 75 మార్లు అరచినది. ఇందులో నన్ను నిద్రపోనీయని సంగతి ఒకటున్నది. కొలతలో వేగం మరీ తగ్గిపోయినప్పుడు ఆ కొలతలు నమ్మదగినవి కావని యంత్రం తన అరుపు మానుకొంటుంది. పైలట్ ముక్కు దించబోయినప్పుడు కొలత మళ్ళీ చెల్లుబాటై అరుపు మొదలవుతుంది. అనగా తప్పు చేస్తే మౌనం, ఒప్పు చేయబోతే కేక! మూడున్నర నిమిషాల పతనం తరువాత 228 మందితో విమానం సముద్రంలో పడినది.

ఇటువంటి ప్రమాదాల తరువాత ప్రపంచమంతటా శిక్షణ మారినది. అంతకుముందు ఎంత తక్కువ ఎత్తు పోగొట్టుకొని బయటపడినాడో చూసి మార్కులు వేసేవారు. అందుచేత శిష్యులు ముక్కు దించడానికి వెనుకాడి, ఇంజను శక్తిమీదనే ఆధారపడేవారు. ఇప్పుడు మొదట కోణం తగ్గించు, ఎత్తు పోతే పోనీ అని నేర్పుతున్నారు. పరీక్షలో దేనికి మార్కులు వేస్తామో పిల్లలు దానినే నేర్చుకొంటారని బడిపంతుళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

ఇదంతా తల్లికి నా చేతనైనట్లు చెప్పినాను. బస్సు కిటికీ, సైకిలు, హార్మోనియం అన్నీ వాడుకొన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "పైన్నే పడుడు నేర్చుకుంటే, కిందికొచ్చినంక పడదన్నట్టు" అన్నది. ఇన్ని పుటలు చదివిన నాకు ఇంత చిన్న వాక్యం దొరకలేదు. పై నెలలో మిగిలిన రుసుము కట్టినది. భయం పోయినదని అనను. పిల్ల ఎగిరే రోజున ఇప్పటికీ ఆమె ఫోను చేతిలోనుండి దించదు.

ఇక మిగిలినది మాట. పండితుణ్ణి గనుక ఛందోభంగం, యతిభంగంలాగా 'ఉత్థాపనభంగం' అని ఒక సమాసం కట్టి పిల్లకు వినిపించినాను. "ఆ మాట పలికే లోపల ఐదువందల అడుగులు పడిపోతాం తాతగారూ" అని నవ్వినది. అప్పుడు తోచినది 'గాలిపట్టు తప్పడం'. తాళం తప్పినట్లు, పట్టు తప్పినట్లు. గాలిపటానికి దగ్గరి చుట్టం. ఇంజను ఆగినదన్న అపోహకు తావు లేదు. ఏది తప్పినదో మాటలోనే ఉన్నది గనుక, ఏది మరల పట్టుకోవలెనో కూడా అందులోనే ఉన్నది.

ఇంతకన్న మేలైన మాట తోచిన మిత్రులు వ్యాఖ్యలో తెలియజేయగలరు. చిన్నదై ఉండవలెను, పడిపోతున్నవాడు పలకగలిగినదై ఉండవలెను.