భుజం మార్చుకునే పరుగు



ఇటలీ దేశంలో, ఉంబ్రియా ప్రాంతంలో, ఇంగినో కొండ వాలున గుబ్బియో అనే పాత ఊరు ఉంది. దేవుని కృపను బట్టి మేము ఆ ఊరు చూశాము.

14వ శతాబ్దపు పెద్ద రాతి భవనంలో 7 కంచు పలకలు భద్రపరిచారు. క్రీస్తుకు ముందటి కాలపు పూజావిధులు వాటి మీద చెక్కి ఉన్నాయి. ఆ విధులు జరిపించేవారు నేడు ఒక్కరూ లేరు. ఆ భాష మాట్లాడేవారూ లేరు. కంచు మిగిలింది, మనుషులు మిగలలేదు.

తరువాత కొండపైకి వెళ్లాము. 1160లో చనిపోయిన బిషప్ ఉబాల్దో దేహం అక్కడి దేవాలయంలో ఉంది. అక్కడే, మనిషికి రెండింతలకు పైగా ఎత్తున్న మూడు కొయ్య స్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. వాటిని 'చేరి' అంటారు, అంటే కొవ్వొత్తులు. ఒక్కొక్కటి సుమారు 300 కిలోలు. ఏటా మే 15న వాటి మీద ఉబాల్దో, జార్జి, ఆంథోని అనే ముగ్గురి ప్రతిమలు నిలిపి, ఊరి వీధుల గుండా కొండపైకి పరుగున మోసుకొస్తారు.

ప్రతిమలను మోయడం మన విశ్వాసం కాదు. అయినా ఆ పరుగు గురించి విన్నది మమ్మల్ని ఆలోచింపజేసింది. అందులో ఒకరినొకరు దాటడం ఉండదు. ఎప్పుడూ ఉబాల్దోయే ముందు, తరువాత జార్జి, ఆఖరున ఆంథోని. స్తంభం ఒరగకుండా, పడిపోకుండా పైకి చేర్చడమే వారి ఘనత. అంత బరువుతో ఎవరూ ఎక్కువ దూరం పరుగెత్తలేరు. అందుకే పరుగు ఆగకుండానే ఒకని భుజం తప్పుకుంటుంది, మరొకని భుజం ఆ చోటికి వస్తుంది.

అక్కడ కలిసిన ఒక పెద్దాయన, తానూ ఒకప్పుడు మోసినవాడినేనని, ఇప్పుడు తన కొడుకు మోస్తున్నాడని చెప్పాడు. మోయడం కన్నా చోటు ఇవ్వడమే కష్టమైందట.

దేవుడు లేవీయులకు ఈ క్రమమే పెట్టాడు. కహాతీయులు పరిశుద్ధ వస్తువులను భుజాల మీద మోయాలి. అయితే 50 ఏళ్లు నిండిన లేవీయుడు పని మానాలి. ఇంటికి పోకుండా, తన సహోదరులకు తోడుగా ఉండాలి. సంఖ్యాకాండము 8వ అధ్యాయం చదవండి.

ప్రియులారా, వాక్యం మన బీరువాలో ఉంది. కాని కంచు మీద రాసినదైనా, మోసే భుజం లేకపోతే మ్యూజియంలో చేరుతుంది. మన సంఘంలో పాట ఎత్తే గొంతు పక్కన, ఆదివార బడి నడిపే అక్క పక్కన, రోగుల ఇళ్లకు నడిచే కాళ్ల పక్కన, నేర్చుకునేవారు ఎవరైనా ఉన్నారా? పిల్లలు పట్నం పోయారని అంటాము. మిగిలిన ఇద్దరికైనా చోటు ఇస్తున్నామా?

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, మీరు చేసే పరిచర్యకు ఒక యౌవనస్థుని పేరు చెప్పండి. మేమూ చెబుతాము. ప్రభువు మన భుజాలను బలపరచును గాక. ఆమేన్.